ముల్లు రాలేదు

ఆ శుక్రవారం నేను ఉస్తాద్ అంగడికి పోయింది ఒక మాట తేల్చుకుందామని. ఆదివారం ముట్టడికి జనం రాకపోతే వజ్రకేతుని డిలీట్ కొట్టి, సర్వర్‌కు దండం పెట్టి వెళ్లిపోతా. అంతే.

వజ్రకేతు అంటే నా పాత్ర. మాది మాటల సర్వర్. బొమ్మలుండవు, తుపాకీ మోతలుండవు. సెల్లులో టైప్ చేసుకుంటా ఆడేది. కొండవాగు అని ఒక ఊరు, దానికో కోట. ఒక్కొక్కరిది ఒక్కో వేషం. కథ ఆడేవాళ్లే నడిపించుకోవాల. ఆడేకొద్దీ లెవల్ పెరుగుతుంది. నేను రక్తపరీక్షల ల్యాబ్‌లో పని చేస్తా. బస్సులో, క్యాంటీన్‌లో, ఆఖరికి మా మేనమామ కూతురు పెండ్లి పందిట్లో కూడా కూర్చొని ఆడి, నాలుగేండ్లలో వజ్రకేతుని తొంభైతొమ్మిదో లెవల్‌కి తెచ్చినా. సర్వర్ మొత్తానికి అంత పెద్దోడు ఇంకొకడు లేడు.

సర్వర్ పెట్టింది ఉస్తాద్ హుసేన్ పీరా. ఆదోనిలో టైలర్. మిషన్ పక్కన సెల్లు పెట్టుకొని ఒక కాలర్ కుడతాడు, ఒక మాట టైప్ చేస్తాడు. ఆయన వేసే వేషాలన్నీ ఒకటో లెవల్‌వే. నాకు ఆట నేర్పింది ఆయనే. మొదటి రోజే ఒక నియమం చెప్పినాడు. నీ పాత్ర ఏం చేస్తుందో అంతవరకే నువ్వు రాయాల. దానివల్ల అవతలి మనిషికి ఏమైందో అవతలి మనిషే రాసుకుంటాడు. అందుకని ఎవరు రాసినా కింద ‘నీ వంతు’ అని పెట్టి ఆగాల.

నేనూ పెడతానప్పా, పెట్టకుండా ఎట్ల ఉంటా! కాని తొంభైతొమ్మిదో లెవల్‌వాడు కత్తి తిప్పితే అవతలోడు పడిపోక ఇంకేం చేస్తాడు? అందుకని వాడు పడిపోయింది కూడా నేనే రాసేసి, ఆపైన ‘నీ వంతు’ అని పెడతా. వాడికి ఆ మాత్రం శ్రమ తప్పుతుంది కదా.

నేను పోయేసరికి ఉస్తాద్ సూదిలో దారం ఎక్కిస్తా ఉన్నాడు. దారం కొనను నోట్లో తడిపి, సూదిని వెలుతురుకెత్తి, ఒక కన్ను మూసి గురి చూసినాడు. తప్పింది.

"ఇట్లయితే నావల్ల కాదు ఉస్తాద్," అన్నా, స్టూలు లాక్కొని ఆయన ముందర కూర్చొని.

"ఏమాయె మద్దిలేటీ?"

"పోయిన ఆదివారం ముట్టడి పెట్టినా. ఆరు వారాలు కూర్చొని నలభై పేజీలు రాసుకున్నా. ఎవరు యాడ నిలబడాల, ఎవరు ఎప్పుడు సావాల, వజ్రకేతు ఎప్పుడొచ్చి కోటని కాపాడాల, అన్నీ! ఎంతమంది వచ్చినారో తెలుసా? ముగ్గురు! ఒకడు కరెంటు పోయిందన్నాడు. సెల్లులో ఆడేటోడికి కరెంటు పోతే ఏమైతుంది? ఇంకొకామె కుక్కర్ కూత పెట్టిందని లేచి పోయింది. ఐదు రోజులైంది, ఇంకా రాలేదు. మిగిలింది కాపలా తిమ్మడు. వాడు మొదటి వరసలోనే సచ్చి, ‘థాంక్స్ అన్నా’ అని పెట్టి పోయినాడు."

ఉస్తాద్ దారం మళ్లీ తడిపినాడు. మళ్లీ తప్పింది.

"అదే టైంకి మిగతా ఇరవైమంది యాడుండారో తెలుసా? సంతలో! గాజుల నాగి అని ఒక పిల్ల, రెండో లెవల్. దాని గాజుల గంపను ఎద్దు తొక్కిందంట. దానికి పంచాయితీ! గంటన్నర! నేను పదివేల మంది శత్రువులను తెచ్చి కోట ముందర నిలబెట్టుకొని కూర్చుంటే, వీళ్లకు ఎద్దు పంచాయితీ!"

"ఆ ఎద్దు నేనే," అన్నాడు ఉస్తాద్.

నాకు ఒళ్లు మండింది. సర్వర్ పెట్టిన మనిషి, గురువు, పోయి పోయి ఎద్దు వేషం!

"రూలు పెట్టండి ఉస్తాద్. ఇరవై లోపు లెవల్‌వాళ్లు ముట్టడికి రావాల్సిందే అని. లేకుంటే వజ్రకేతుని తీసేసి నేను పోతా." నాలుగేండ్లు పెంచుకున్నా వాణ్ని. నిజం చెప్తున్నా, ఏడుపొచ్చింది.

ఆయన సూది కిందికి దించినాడు. "వజ్రకేతు గుణాల పట్టికలో లోపాలు అని ఒక గడి ఉంటుంది కదప్పా. అక్కడ ఏం రాసినావ్?"

"లేవు అని."

"ఊఁ," అని మళ్లీ సూది ఎత్తుకున్నాడు. "ఆదివారం నేనొస్తాలే."

నేను ఇంకో పావుగంట అరిచి, ఇంటికి పోయినా. అప్పటికీ దారం ఎక్కలేదు.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి కోట తెరిచినా. మైదానం నిండా గుడారాలు, ఏనుగులు, నగారాలు, అన్నీ రాసి పెట్టినా. వచ్చినవాళ్లు ముగ్గురు. సెల్లు విసిరికొడదామనిపించింది.

అప్పుడు కోట వాకిట్లోకి ముసలమ్మ అని ఒక ఒకటో లెవల్ పాత్ర వచ్చింది. ఎవరో చెప్పాల్నా, ఉస్తాదే.

‘ముసలమ్మ కుంటుకుంటా వచ్చి మెట్టు మీద కూలబడింది. పెద్ద కత్తి నాయనా, కాల్లో ముల్లు దిగింది. రవ్వంత తీస్తావా? నీ వంతు.’

ముట్టడి పెట్టుకొని ముల్లేందప్పా! సరే, ఉస్తాద్ కదా అని రాసినా. ‘వజ్రకేతు చిటికెలో ముల్లు తీసేసినాడు. ముసలమ్మ నొప్పి మాయమైంది. ఆమె దీవించి వెళ్లిపోయింది. నీ వంతు.’

‘ముల్లు రాలేదు. నీ వంతు.’

నా దగ్గర గాయాలు మాన్పే మంత్రం ఉంది. ఎనభయ్యో లెవల్‌లో వచ్చేది. సచ్చినోడు లేచి కూర్చోవాల దానికి. వేసినా.

‘కాలు వెచ్చగైంది నాయనా. ముల్లు రాలేదు. నీ వంతు.’

పిడుగుల బల్లెం మొనతో తీసినా.

‘అయ్యయ్యో, ముల్లు తీయమంటే కాలు తీస్తావా ఏంది! ముసలమ్మ కాలు ఎనక్కి లాక్కుంది. ముల్లు ఇంకా లోపలికి పోయింది. నీ వంతు.’

నేను ఆట పక్కన పెట్టి ఉస్తాద్‌కు ఫోన్ చేసినా. కట్ చేసినాడు. ‘ఉస్తాద్, అవతల పదివేల మంది నిలబడి ఉండారు!’ అని విడిగా మెసేజ్ పెట్టినా. ‘కాలు నొప్పప్పా’ అని జవాబొచ్చింది.

ఈలోపల ఎవరో పోయి సంతలో చెప్పినట్టుంది. జనం రావడం మొదలైంది. కాపలా తిమ్మడు సచ్చినాడు కాబట్టి, వాడి తమ్ముడు గంగడినని కొత్త వేషంతో వచ్చినాడు. ‘జిల్లేడు పాలు పూయండి’ అన్నాడు. ‘జిల్లేడు పాలా, నీ మొహం, ఉప్పు కాపడం పెట్టాల’ అని ఇంకొకామె. కుక్కర్ ఆమే అది! ఇద్దరూ వాకిట్లో తగులుకున్నారు. తెర పైన జనం అంకె తొమ్మిదైంది, పదిహేడైంది, ఇరవైఆరైంది. నా ఏనుగుల దిక్కు ఒక్కడు చూస్తే ఒట్టు.

నేను ఇంకా ఆరు రకాలుగా తీసినా. ఆరుసార్లూ రాలేదు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. తొంభైతొమ్మిదో లెవల్! ఒక ముసలమ్మ కాల్లో ఒక ముల్లు! ఆ కాలు ఆమెది, అందులో ముల్లు ఆమెది. ఆమె వచ్చిందనేదాకా అది రాదు. నేనేం రాసినా రాదు.

చివరికి కోపం కూడా అయిపోయింది. అలసిపోయి టైప్ చేసినా. ‘వజ్రకేతు కత్తి కింద పెట్టినాడు. నాకు ముల్లు తీయడం చేతకాదు, ఎవరికన్నా వస్తుందా? మీ వంతు.’

పంపాలంటే వేలు ఆడలేదు. ఇరవైఆరు మంది చూస్తా ఉండారు. పంపినా. నా పరువంతా పోయిందనుకున్నా.

‘జరుగన్నా,’ అని గాజుల నాగి వచ్చింది. ‘నా కాడ పిన్నీసు ఉంది. నువ్వు అవ్వ కాలు కదలకుండా పట్టుకో. నీ వంతు.’

‘పట్టుకున్నాడు. నీ వంతు.’

నాలుగేండ్లలో అంత పొట్టిగా నేనెప్పుడూ రాయలేదు.

నాగి పిన్నీసు కాల్చింది, చర్మం విప్పింది, నిదానంగా పైకి నెట్టింది. అవ్వ నా భుజం పట్టుకొని బూతులు తిట్టింది. నేను కాలు వదల్లేదు.

‘వచ్చింది,’ అని ముసలమ్మ రాసింది.

వాకిలంతా కేకలు. గంగడు ముల్లు చేతిలోకి తీసుకొని చూసినాడు. ‘ఇంత పొడుగుందే! యాడ తొక్కినావ్ అవ్వా?’

‘కోట ఎనక దోవలో నాయనా. ఎవరో కంచె నరికినారు. కంపంతా దోవలోనే పడుండాది.’

‘కంచె ఎవరు నరికినారు?’ అన్నాడు గంగడు.

అంతే. ఇరవైఆరు మంది ఒక్కసారి కోట ఎనక్కి పరిగెత్తినారు. నా నలభై పేజీల్లో ఎనక దోవ అనేదే లేదు. శత్రువులు ఆ దోవలోంచే లోపలికి వస్తా ఉండారని ఎవరో రాసినారు. నాగి పగిలిన గాజులన్నీ తెచ్చి దోవలో చల్లింది. కుక్కర్ ఆమె గోడ మీంచి మరిగే గంజి పోసింది. సాయంత్రం ఆరు దాకా సాగింది. ఏ మాట తర్వాత ఏమైతుందో నాకు తెలియదు, ఎవరికీ తెలియదు.

కరెంటు పోయిందన్నాడే, వాడు శత్రువుల్లో చేరినాడు. ఏడో లెవల్‌వాడు. వజ్రకేతు మీదికి బాణం వేసినాడు. ‘బాణం వస్తా ఉంది అన్నా. నీ వంతు.’

వజ్రకేతు కవచంలోకి బాణం దిగదు. అది అందరికీ తెలుసు.

‘తగిలింది,’ అని రాసినా. ‘కుడి భుజంలో. కత్తి జారిపోయింది. మీ వంతు.’

ఎంతమంది ఒక్కసారి రాసినారో! తెర ఆగకుండా పైకి పోతానే ఉంది. గంగడు వజ్రకేతుని వీపు మీద ఎత్తుకున్నాడు. నాగి తన కొంగు చించి కట్టు కట్టింది. ముసలమ్మ కుంటుకుంటా నీళ్లు తెచ్చింది. నా కండ్లకు తెర మసకగా కనిపించింది.

సోమవారం పొద్దున ల్యాబ్‌కి పోతా పోతా అంగడి కాడ ఆగినా. ఉస్తాద్ సూదిని వెలుతురుకెత్తి పట్టుకొని ఉన్నాడు. దారం తప్పింది.

"ఉస్తాద్," అన్నా. నిలబడి చూస్తా ఉండిపోయినా. ఆయన చెయ్యి సన్నగా వణుకుతా ఉంది. శుక్రవారం కూడా వణికే ఉంటుంది.

స్టూలు మీద కూర్చొని చెయ్యి చాపినా.

ఆయన సూది, దారం నా అరచేతిలో పెట్టినాడు.

"నీ వంతు," అన్నాడు.