గూడ ఆట క్యాసెట్టు

"మాస్టారూ, పాత వీడియోగేముకి కొత్త క్యాసెట్టు అంత డబ్బు పోసి కొనడం తెలివైన పనేనంటారా?" అని ఉమాపతి అడిగినప్పుడు సర్వేశం మాస్టారు తన అలవాటు ప్రకారం జవాబు చెప్పలేదు. చేతిలోని సోల్డరింగు ఐరన్ స్టాండులో పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని, "చూద్దాం" అన్నారు. ఆయన "చూద్దాం" అన్నారంటే కొన్ని వారాలపాటు మాకు మతి పోవడం ఖాయం.

మాస్టారు ఐటీఐలో ఎలక్ట్రానిక్సు చెప్పి రిటైరయ్యారు. రామచంద్రపురంలో ఆయన మేడ మీది గదిలో ఆదివారాలు మాబోటి నడివయసు వాళ్ళం చేరి, చిన్నప్పుడు ఆడుకున్న వీడియోగేము డబ్బాలను బాగుచేయడం నేర్చుకుంటాం. ఇదీ ఒక విద్యేనా అని మా ఇళ్ళల్లో నవ్వుతారు. నవ్వనివ్వండి, పేకాట కంటే నయమే కదా.

ఉమాపతి డబ్బాకు ఒక కథ ఉంది. అది మా అందరికీ తెలుసు. అతనికీ, అన్న గంగాధరానికీ కలిపి వాళ్ళ బాబాయి కొనిచ్చిన డబ్బా అది. అట్ట మీద తొమ్మిది వేల ఆటలని రాసి, ఏడెనిమిది ఆటలనే పేర్లు మార్చి మార్చి చూపించే క్యాసెట్టు దాంతోపాటు వచ్చిందట. పెద్దయ్యాక ఆ డబ్బా సామర్లకోటలో గంగాధరం ఇంట్లో అటకెక్కింది. బాగుచేసి తీసుకెళ్ళి అన్నను ఆశ్చర్యపరచాలని ఉమాపతి దాన్ని చెప్పాపెట్టకుండా తెచ్చేసుకున్నాడు. సంగతి తెలిసిన గంగాధరం ఒక పెళ్ళిలో నలుగురి ముందూ తమ్ముణ్ణి దొంగ అన్నాడు. ఉమాపతి అప్పుడు ఊరుకుని ఉంటే బాగుండేది. ఊరుకోలేదు. రెండేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. డబ్బా బాగైంది గానీ, దాన్ని ఆన్ చేసినప్పుడల్లా ఉమాపతి ముఖం వేలాడేసేవాడు. అన్నతో మళ్ళీ మాట కలవాలని అతనికి ప్రాణం కొట్టుకునేది. ఆ మాట పైకి చెప్పలేక, క్యాసెట్ల గురించి గంటలు గంటలు మాట్లాడేవాడు.

ఇక ఆ కొత్త క్యాసెట్టు. కృష్ణాజిల్లా కుర్రాడెవరో ఉద్యోగం చేసుకుంటూ, తీరిక వేళల్లో ఆ పాతడబ్బా కోసమే కొత్తగా ఒక ఆట తయారుచేశాడు. కాలవలోంచి చేలోకి నీళ్ళెత్తడానికి ఇద్దరు మనుషులు చెరో పక్కా నిలబడి, తాళ్ళు పట్టి ఊపే బుట్టను గూడ అంటారు కదా, ఆ గూడ వెయ్యడమే ఆట. చేను ఎండిపోయేలోగా నీళ్ళు పెట్టాలి. ఆటను నెట్‌లో ఎవరికైనా ఊరికే ఇస్తున్నాడు. క్యాసెట్టుగా కావాలంటే మాత్రం రంగుల పెట్టె, బొమ్మల పుస్తకం కలిపి ఇంట్లోకి మంచి మిక్సీ వచ్చేంత ధర పెట్టాడు.

నాకైతే ఒళ్ళు మండింది. "ఊరికే వచ్చేదానికి డబ్బెందుకు తగలెయ్యడం? నా దగ్గర క్యాసెట్టులా గుచ్చే మెమరీ కార్డుంది, నెట్‌లోంచి దింపుకుంటే అందులో ఎన్ని ఆటలైనా పడతాయి. నీకూ వేసిస్తాను, తీసుకో" అన్నాను. ఉమాపతి తల ఊపాడు గానీ, మరుసటి వారం మళ్ళీ అదే ప్రశ్న. ఆ పై వారం కూడా అదే. చెవిలో జోరీగలా తయారయ్యాడు.

ఒక ఆదివారం మేం వెళ్ళేసరికి ఆ క్యాసెట్టు మాస్టారి బల్ల మీద ఉంది. ఆయనే తెప్పించారు. పాత కెపాసిటర్లను కూడా పారెయ్యకుండా దాచుకునే మనిషి ఇంత ఖర్చు ఎందుకు చేశారో మాకు అంతుపట్టలేదు. పెట్టె తీసి ఉమాపతి చేతిలో పెట్టి, "ఆడి చూసి చెప్పు" అన్నారు.

రెండు వారాల తరవాత ఉమాపతి దాన్ని పట్టుకొచ్చాడు. ఆట బాగుందో లేదో తేలలేదన్నాడు.

"అదేంటోయ్?"

"ఒక్కడితో నడవదండీ. ఒకడు లాగితే రెండోవాడు వదలాలి. చేతికో రిమోటు పట్టుకుని చూశాను. బుట్ట గట్టుకు కొట్టుకుంటోంది గానీ చేలోకి చుక్క పడలేదు. మా ఆవిణ్ణి కూచోబెడితే, ఈ నీళ్ళు తోడే పని పొద్దున్నే కుళాయి దగ్గర చేసే వచ్చాను, మళ్ళీ టీవీలో కూడానా అని లేచిపోయింది. అదే మా అన్నయ్యయితేనండీ, పట్టు తప్పకుండా..." అని ఆగిపోయి, పెట్టె మీద లేని దుమ్ము దులిపాడు.

మాస్టారు క్యాసెట్టు వెనక్కి తీసేసుకున్నారు. ఉమాపతి వెళ్ళాక నన్ను పిలిచి, "దీన్ని సామర్లకోట గంగాధరానికి కొరియర్ చెయ్యి. ఎరువుల కొట్టు కదా, కొట్టు పేరు రాస్తే చాలు" అన్నారు.

నేను నోరు వెళ్ళబెట్టాను. "ఆయన దగ్గర డబ్బా లేదు కదండీ!"

"లేదు."

"లోపల ఓ చీటీ పెట్టమంటారా, ఎందుకో, ఏమిటో?"

"వద్దు. పంపినవారి చోట నా పేరూ, ఈ ఇంటి అడ్రసూ వెయ్యి, అంతే."

పంపించాను. ఉమాపతికి మాత్రం చెప్పకుండా ఉండలేకపోయాను. అతను నీళ్ళు నమిలాడు, చిన్నబుచ్చుకున్నాడు, చివరికి, "నన్నడిగితే నేనే కొనుక్కునేవాణ్ణి కదా, తీసుకుపోయి ఆయనకివ్వడమేంటి?" అని విసుక్కున్నాడు. మాస్టారికి పెద్దతనం వచ్చి మతి తప్పిందేమోనని నాకూ అనిపించింది. నిజం చెబుతున్నాను, ఆ వారమంతా మాకు ఏదీ అర్థం కాలేదు. ఆ తరవాతి ఆదివారమూ ఏమీ జరగలేదు. మాస్టారు మాకు వోల్టేజి రెగ్యులేటర్ల గురించి పాఠం చెప్పారు. పాఠానికి కావాలని ఉమాపతి చేత డబ్బా తెప్పించి, గదిలోని టీవీకి తగిలించి తన దగ్గరే ఉంచుకున్నారు.

మరో ఆదివారం మెట్ల మీద బరువైన అడుగుల చప్పుడైంది. ఒక భారీ మనిషి ఆయాసపడుతూ లోపలికి వచ్చాడు. చేతిలో ఎరువుల కంపెనీ సంచీ, అందులో మా రంగుల పెట్టె.

"సర్వేశం గారంటే ఎవరండీ? ఇది నాకెందుకు పంపారు? డబ్బా లేనివాడికి క్యాసెట్టు పంపడం వేళాకోళమా? పది రోజులుగా దీన్ని కొట్లో కళ్ళెదురుగా పెట్టుకుని చూస్తూ కూచున్నాను!"

"డబ్బా అదుగో" అన్నారు మాస్టారు.

గంగాధరం అటు చూశాడు. డబ్బా పక్కన కూచోవలసిన ఉమాపతి అప్పటికే స్క్రూ పడిపోయినట్టు బల్ల కింద వెతుకుతున్నాడు.

"బాగైందా?" అన్నాడు గంగాధరం.

ఎవర్నడిగాడో తెలియలేదు. నేను చెప్పబోతే మాస్టారు నా కాలు తొక్కారు.

బల్ల కిందనుంచి ఉమాపతి గొంతు వచ్చింది. "బాగైంది. రంగులు కూడా సరిగ్గా వస్తున్నాయి."

గంగాధరం సంచీలోంచి క్యాసెట్టు తీసి, నోటి దగ్గర పెట్టుకుని ఉఫ్ అని ఊదాడు. మేమెవరైనా అలా ఊదితే, తడి తగిలి కాంటాక్టులు పాడవుతాయని మాస్టారు మామీద కేకలేస్తారు. ఆ రోజు ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. గంగాధరం క్యాసెట్టు గుచ్చి, ఎప్పటి హక్కో ఏమో, మొదటి రిమోటు తీసేసుకుని కింద చాప మీద చతికిలబడ్డాడు. రెండోది చాప మీదే ఉండిపోయింది. చాలాసేపటికి ఉమాపతి వచ్చి దాన్ని అందుకున్నాడు.

మొదట్లో బుట్ట పిచ్చిపట్టినట్టు ఊగింది. గంగాధరం ఎరువుల బస్తా లాగినట్టు లాగుతున్నాడు.

"నెమ్మదిగా అన్నయ్యా, ఒలికిపోతోంది."

గంగాధరం చెయ్యి ఆగింది. తెర మీద ఇద్దరు మనుషులూ తాళ్ళు పట్టుకుని కదలకుండా నిలబడ్డారు. "నన్నడిగితే ఇవ్వనా రా?" అన్నాడు, తెర మీంచి చూపు తిప్పకుండానే.

"బాగుచేసి తెచ్చి చూపిద్దామనుకున్నాను."

"తెచ్చావు కాదేం మరి?"

"నువ్వా మాటన్నాక ఎలా వస్తాను?"

గంగాధరం రిమోటు సవరించి పట్టుకున్నాడు. మళ్ళీ ఆట మొదలుపెట్టాడు. ఈసారి నెమ్మదిగా లాగాడు. బుట్ట మునిగింది, లేచింది, చేలోకి నీళ్ళు పడ్డాయి. ఎండి పసుపు రంగులో ఉన్న మడి ఒక మూల పచ్చబడింది. ఉమాపతి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు గనక రాస్తున్నాను, నా కళ్ళూ తడిశాయి. మధ్యాహ్నం భోజనాల వేళ దాటిపోయినా వాళ్ళు లేవలేదు. పక్కగదిలోంచి మాస్టారి భార్య రెండుసార్లు పిలిచి ఊరుకున్నారు.

వెళ్ళేముందు మళ్ళీ పేచీ వచ్చింది. డబ్బా సామర్లకోట తీసుకుపోతానన్నాడు గంగాధరం. "కష్టపడి బాగుచేసింది నేను, ఇవ్వను" అన్నాడు ఉమాపతి. "అయితే క్యాసెట్టు నా పేర వచ్చింది, ఇది నా దగ్గరే ఉంటుంది" అని గంగాధరం దాన్ని సంచీలో వేసుకున్నాడు. మెట్ల దగ్గర ఆగి, "వచ్చే ఆదివారం పొద్దున్నే వస్తాను. మీ ఆవిడతో చెప్పు, టిఫిను అక్కడే" అన్నాడు. కోపంగానే అన్నాడు.

అతను వెళ్ళిపోయాక ఉమాపతి చాలాసేపు ఖాళీ డబ్బా వైపు చూస్తూ నిలబడ్డాడు. సంతోషంగా ఉన్నాడో, మోసపోయాననుకుంటున్నాడో చెప్పడం కష్టం. బహుశా అతనికీ తెలిసి ఉండదు.

"అంతా బాగానే ఉంది మాస్టారూ. కానీ నా ప్రశ్న నా దగ్గరే ఉండిపోయింది. ఊరికే దొరికే ఆట కదా, ఇంతకీ ఆ క్యాసెట్టుకి అంత పెట్టవచ్చా, కూడదా?" అని అడిగాడు చివరికి.

మాస్టారు సోల్డరింగు ఐరన్ మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు.

"ఒకేసారి రెండిళ్ళల్లో ఉండగలిగే వస్తువైతే, నేనంత పెట్టేవాణ్ణి కాదోయ్" అన్నారు.