గంటలు పోసే మౌనాచారి చెవి మిషను

అనగా అనగా, కంచు పనిచేసే కంచర్ల ఊళ్ళో మౌనాచారి అని ఒకాయన ఉండేవాడురా కన్నా. బడి గంటలు పోత పోయడంలో ఆయనది పెట్టింది పేరు. పోసిన ప్రతి గంటనీ కొట్టి, చెవొగ్గి విని, బాగుందంటేనే ఇచ్చేవాడు. వయసు మీద పడి వినికిడి తగ్గాక చెవికి మిషను పెట్టుకున్నాడు.

ఒక వానాకాలం ఊరి బడికి కొత్త గంట పోశాడు. మర్నాడే ఇవ్వాలి. సరిగ్గా అప్పుడే మిషనులో బ్యాటరీ అయిపోయింది. ఏరు పొంగి, పట్నానికి దారి లేదు. "వినకుండా గంట ఇవ్వను, నా పేరు పోతుంది" అని ఆయన అన్నం మానేసి కూర్చున్నాడు.

అప్పుడు సైన్సు చదివిన కోడలు వసుంధర, "నేను బ్యాటరీ చేస్తాను మామయ్యా" అని సైగ చేసింది. రాగి చెంబులో మైలుతుత్తం నీళ్ళు పోసింది, నీలంగా. పక్కన గాజు గ్లాసులో, పొలానికి వేసే జింకు మందు కలిపిన నీళ్ళు పోసి, ఒక జింకు ముక్క వేసింది. రెంటికీ మధ్య ఉప్పునీళ్ళలో తడిపిన వత్తి వేసి, మిషనుకి తీగలు కలిపింది. ఆచారికి దోమ పాడినంత వినిపించింది. అంతే.

ఆ తర్వాత ఆయన భార్య నాగరత్తమ్మ వచ్చి, "చెంబు నిండా చిలుము" అనుకుని గుప్పెడు బట్టల సోడా వేసేసింది. నీలమంతా విరిగిన పాలలా ముద్దకట్టి అడుక్కి దిగిపోయింది. ఆ దోమ కూడా ఆగిపోయింది.

"అత్తయ్యా, నీళ్ళలో కరిగిన రాగే కదా కరెంటుని లాగేది. దాన్ని అడుక్కి దించేస్తే ఇంకేం లాగుతుంది?" అంది వసుంధర. అని, జింకు ముక్క ఉన్న గ్లాసు వైపు చూసింది. "జింకు ముక్క కరుగుతూ కరెంటుని తోస్తుంది. ఆ నీళ్ళు ముందే జింకుతో కిక్కిరిసి ఉన్నాయి, అందుకే మొరాయిస్తోంది. సోడా వెయ్యాల్సింది ఈ గ్లాసులో."

అప్పుడు చెంబులో కొత్త నీలం నీళ్ళు పోసి, గ్లాసులో సోడా వేసింది. తెల్లటి ముద్ద అడుక్కి దిగింది. జింకు ముక్కకి చోటు దొరికింది, బలం పెరిగింది. మిషను గణగణలాడింది.

ఆచారి గంట కొట్టాడు. చివర్లో సన్నగా జుయ్‌మంది. "బీట ఉంది, మళ్ళీ పోస్తాను" అన్నాడు.

వంటింట్లో నాగరత్తమ్మ గొణుక్కుంది: "ఈయన మొండితనం కరిగిస్తే పది గంటలవుతాయి."

"పన్నెండవుతాయి, రత్తం" అన్నాడు ఆచారి నెమ్మదిగా.

ఆవిడ గబగబా కోడలి దగ్గరికి వచ్చి, "ఆ చెంబులో ఇంకో గుప్పెడు వేస్తే ఏమన్నా అవుతుందా?" అని మెల్లిగా అడిగింది. వసుంధర సోడా డబ్బా ఎత్తి అటక మీద పెట్టింది.

ఆ తర్వాత ఆచారి రెండ్రోజులు గడువడిగి గంటని కరిగించి మళ్ళీ పోశాడు. బళ్ళో అది మోగితే నాలుగు వీధులవతల దూడలు కూడా తలెత్తి చూశాయట.

కథ చేరె కంచికి,
కునుకు చేరె కంటికి.