నీట మునిగేవన్నీ

శరభయ్యగారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాళ్ళ చేతికి ముందు ఏదో ఒక పని అప్పగించేవారు. సగం మంది ఆ పనిలో పడి ప్రశ్న సంగతే మరిచిపోయేవాళ్ళు. ఆయనకు కావలసిందీ అదేనని గిట్టనివాళ్ళు అనేవారు. వర్ధనమ్మ మాత్రం మరిచిపోయే మనిషి కాదు. గోదావరి పాయ ఒడ్డునున్న ఆ ఆశ్రమంలో ఆయన దగ్గర చాలాకాలంగా శుశ్రూష చేస్తున్న శిష్యురాలు. ఆ మధ్యాహ్నం ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళతో వచ్చి ఆయన ఎదుట కూలబడింది.

"గురువుగారూ, మంచి మనసుతో చేసిన పని చెడిపోతే ఆ పాపం ఎవరిదండీ?"

చెడిన పని ఇదీ. కార్తీకమాసం స్నానాలకొచ్చే జనం వదిలిపోయే ప్లాస్టిక్‌ను ఊరివాళ్ళు ఏటా ఒడ్డునే కుప్పపోసి తగలబెట్టేవారు. ఆ పొగంతా పక్కనున్న జాలరిపేట మీదికి పోయేది. పేటలో పోలమ్మ మనవడికి పుట్టినప్పటి నుంచీ ఉబ్బసం. పొగ లేచిన రోజున ఆ పసివాడి డొక్కలు ఎగరడం చూసి తట్టుకోలేక వర్ధనమ్మ, ఆ ప్లాస్టిక్‌ను ఏరి అమ్మడానికి ఆశ్రమంలో షెడ్డు వేయించింది. ఏ ప్లాస్టిక్ వస్తువుకైనా అడుగున త్రికోణంలో ఒక అంకె ఉంటుందని తెలుసుకుంది. ఒకటి అంకె ఉన్న నీళ్ళ సీసాలను పట్నంలో మిల్లు తీసుకుంటుంది, కరిగించి దారం తీస్తుంది. రెండూ అయిదూ, అంటే షాంపూ డబ్బాలూ పెరుగు డబ్బాలూ, బకెట్లు చేసేవాళ్ళు పట్టుకెళతారు. నాలుగు అంకె పల్చటి కవర్లు శుభ్రంగా ఉంటేనే ఎవరైనా ముట్టుకుంటారు. ఆరో అంకె థర్మోకోల్ ప్లేట్లనూ, ఏడో అంకె చిప్స్ ప్యాకెట్లనూ అడిగే నాథుడే లేడు. ఇక మూడు అంకె పైపుల జాతి. దాన్ని దేనితోనూ కలపకూడదని మిల్లు యజమాని మొదటిరోజే చేతులు జోడించి మరీ చెప్పాడు.

కానీ సోమవారాల రద్దీలో అంకెలు చూస్తూ కూర్చునే తీరికెక్కడిది? వర్ధనమ్మ ఒక కిటుకు కనిపెట్టుకుంది. అన్నిటినీ ముక్కలు చేయించి నీళ్ళ తొట్టిలో వేయించేది. మూతలు తేలేవి, సీసాలు మునిగేవి. మునిగిందల్లా మంచిదే అనుకుంది. ఆ సంవత్సరం దీపాల సెట్లు గాజులా మెరిసే పల్చటి డబ్బాల్లో పెట్టి అమ్మారు. నదికి దీపాన్ని మోసుకొచ్చిన డబ్బాను చెత్తలో వేయడానికి ఆమెకు మనసొప్పలేదు. సీసాలతో కలిపి తొట్టిలో వేయించింది. అవీ బుద్ధిగా మునిగాయి. ఆమె దణ్ణం కూడా పెట్టుకుంది.

మిల్లులో ఆ సరుకు కరుగుతూనే పసుపెక్కి, మాడి, నల్లబడిందట. దారం మాట దేవుడెరుగు, ఆ సరుకు యంత్రం లోపలి భాగాలనే తినేసిందట. మిగిలిన బస్తాలు లారీలో వెనక్కొచ్చాయి, ఇకమీదట పంపొద్దన్న మాటతో సహా. దింపిన బస్తాలను ఊరివాళ్ళు ఒక్క పూట కూడా ఉండనివ్వలేదు. ఆ ఉదయమే ఒడ్డుకు ఈడ్చి నిప్పు పెట్టారు. నాలుగైదు సోమవారాల చెత్త ఒక్కచోట మండింది. పోలమ్మ ఆశ్రమం గేటు దగ్గరికొచ్చి నిలబడి, "ఇదేంటమ్మా, ఏ రోజుకారోజు కాలిస్తే ఏదోలా ఓర్చుకునేవోళ్ళం. అంతా దాచిపెట్టి మా పిల్లోడి మీదికి ఒక్కసారే వదిలేరా?" అంది. తిట్టనైనా తిట్టలేదు. పిల్లాణ్ణి భుజాన వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తింది. షెడ్డు వేసిన రోజున దండలు వేయించుకున్న వర్ధనమ్మ ఆ గేటు పట్టుకుని నిలువునా కుంగిపోయింది.

శరభయ్యగారు అంతా విన్నారు. ఒక గిన్నెతో నీళ్ళు తెమ్మన్నారు. షెడ్డులో మిగిలిన, గాజులా మెరిసే రెండు ముక్కలు అందులో వేశారు. రెండూ మునిగాయి.

"ఏది ఏదో చెప్పమ్మా."

వర్ధనమ్మ వేళ్ళతో తడిమింది, వెలుతురుకు పెట్టి చూసింది. చెప్పలేకపోయింది. ఆయన వంటింటి పొయ్యి వెలిగించి, రాగితీగ ఒకటి ఎర్రగా కాల్చి, మొదటి ముక్కకు తాకించి మళ్ళీ మంటలో పెట్టారు. మంట మామూలుగానే ఉంది. తీగను మళ్ళీ కాల్చి రెండో ముక్కకు తాకించారు. ఈసారి మంట చిలకపచ్చగా లేచింది. "ఇది నీ దీపాల డబ్బా ముక్కమ్మా. మూడు అంకె, పైపుల జాతి," అన్నారు. ముక్కుపుటాలు మండే వాసన ఒకటి వంటింట్లో చుట్టుకుంది. ఉదయం నుంచీ ఊరంతా పీలుస్తున్న వాసనే అది. వర్ధనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంత తెలిసినవారు ముందే ఎందుకు చెప్పలేదండీ?" ఆమెకు కోపం ఆగలేదు. గురువుగారి మీద గొంతెత్తడం అదే మొదలు.

"నీ తొట్టి పక్కనే కూర్చున్నానమ్మా, కళ్ళు మూసుకుని. జపంలో ఉన్నాను."

ఆయన పొయ్యి ఆర్పేశారు. కిటికీలోంచి చూస్తే పొగలో పేట ఇళ్ళు కనిపించడం లేదు.

"అడిగినదానికి జవాబు చెప్పండి గురువుగారూ. ఆ పాపం నాదా, మీదా?"

శరభయ్యగారు కిటికీ వైపే చూస్తూ అన్నారు: "ఎవరిదో తేలితే ఆ పిల్లాడికి ఊపిరాడుతుందా అమ్మా?"