తీతువు వెనకాల పరుగెత్తిన జట్టు

ఒకప్పుడు తీతువు పిట్ట తిన్నగా పరుగెత్తేది. మధ్యలో ఆగేది కాదు, వెనక్కి చూసేదీ కాదు.

అప్పట్లో అడవిలో జంతువులకో విశ్వవిద్యాలయం ఉండేది. దాని ఆటల జట్టుకి తీతువే మస్కట్. మస్కట్ అంటే జట్టుకి గుర్తు, అదృష్టం అన్నమాట. ఆటకి ముందు తీతువు మైదానమంతా పరుగెత్తాలి, జట్టు దాని వెనకాలే పరుగెత్తాలి. అది ఎటు పోతే అటే. ఈ ఆచారం ఎవరు పెట్టారో నన్నడక్కండి, ఆ జట్టువాళ్లకే తెలీదు.

ఒక ఏడు వేసవి సెలవులిచ్చారు. మైదానం ఖాళీగా ఉంది కదా అని తీతువు నట్టనడుమ గులకరాళ్లలో నాలుగు గుడ్లు పెట్టింది. సెలవులు ఎన్నాళ్లో కనుక్కోవద్దూ? కనుక్కోలేదు.

గుడ్లు పిల్లలు కాకముందే ఒక పొద్దున జట్టు దిగిపోయింది. ముందు కెప్టెన్ నక్క, వెనక అడవిపంది, దుప్పి, కుందేలు.

"తీతువక్కా, ఇవాళే మ్యాచ్. పద, పరుగెత్తు" అంది నక్క.

తీతువుకి ఏం చేయాలో తోచలేదు. ఎప్పటిలా తిన్నగా వెళితే పంది గిట్టల కింద గుడ్లు పచ్చడైపోతాయి. గుడ్లున్నాయని చెబితేనో, నక్క మింగేస్తుంది. చెప్పాలా, మానాలా? ఏడుపొచ్చేసింది పాపం.

"ఏంటక్కా, అలా నిలబడిపోయావు?" అంది కుందేలు.

"ఏం లేదమ్మా" అని తీతువు మైదానాన్ని వదిలి పొదలవైపు నాలుగడుగులు పరుగెత్తింది. ఆగింది. వస్తున్నారా లేదా అని వెనక్కి చూసింది.

"అదేంటి, ఆడేది ఇక్కడ కదా?" అంది దుప్పి.

"మస్కట్ ఎటు పోతే అటే. ఆచారం" అంది నక్క, తనకీ ఏమీ అర్థం కాకపోయినా.

మళ్లీ నాలుగడుగులు, మళ్లీ ఆగడం, మళ్లీ చూపు. ముళ్లపొదలు దాటారు, వాగు దాటారు.

"మనం గెలిచామా?" అంది పంది రొప్పుతూ. అవతలి జట్టు గట్టుమీద నిలబడి చూసి చూసి, ఇదేం ఆటో తెలీక ఇళ్లకి పోయింది.

తీతువు పదవి ఆ రోజే ఊడింది. ఊడితే ఊడింది, నాలుగు గుడ్లూ నాలుగు పిల్లలయ్యాయి.

అప్పటినుంచే, గుడ్ల దగ్గరికి ఎవరొచ్చినా తీతువు అరుస్తూ వేరేవైపు నాలుగడుగులు పరుగెడుతుంది, ఆగుతుంది, వెనక్కి చూస్తుంది. మీరూ ఏంటా అని దాని వెంటే పోతారు. గుడ్లు మాత్రం మీకు కనపడవు.