విందుకు రాని నలభైమంది

ఆస్ట్రియా దేశంలో పూర్వం గ్రూన్‌బాక్ అనే సేనాపతి ఉండేవాడు. ఒక ఏటి దగ్గర యుద్ధం గెలిచి, తనవాళ్లలో ఒక్కడూ చావలేదని రాణిగారికి రాసి పంపాడు. ఆవిడ మురిసిపోయి మెడలో పతకం వేసింది. ఇరవై ఏళ్ల తర్వాత ఆ గెలుపు పేరు చెప్పి పెద్ద విందు చేశాడు.

ఆయన దండులో ఒక నియమం ఉండేది. హాజరు పూర్తికాందే ఎవరూ రొట్టె ముట్టకూడదు. అతిథులు కూర్చోగానే, ఒకప్పుడు దండులో డోలు కొట్టిన ముసలి వెంజెల్ లేచి, డోలు మోగించి, తన దళంవాళ్ల పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. ఒక్కరూ పలకలేదు. వడ్డించిన మాంసం చల్లారిపోయింది.

"ఇక చాల్లే, తిననియ్యి" అన్నాడు సేనాపతి.

"నియమం తమరిదే కదా దొరా! ఇంకా నలభైమంది రావాలి. ఎవరూ చావలేదని తమరే రాశారు. వచ్చేదాకా ఆగుదాం."

సేనాపతి తల దించుకున్నాడు. "వాళ్లు రారు వెంజెల్. వరదలో దిగమన్నది నేనే. అందరూ ఏట్లోనే పోయారు."

వెంజెల్ డోలు కింద పెట్టాడు.

"ఆ మాట కాగితం మీద రాసివ్వండి దొరా. వాళ్ల తల్లులు ఇప్పటికీ రోజూ ఒక కంచం ఎక్కువ పెడుతున్నారు."