సుయిన్ ఏడ్చిన మేడ

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా ఈ నోట్లో మిగిలిన మూడు పళ్ళూ ఇప్పుడే రాలిపోవాలి. అంతా నిజం.

కొండలు ఇంకా ఎదుగుతున్న రోజుల్లో, చీనా దేశంలో ఒక దొర మేడ కట్టించాడు. ఎంత ఎత్తంటే, మబ్బులు దాన్ని చుట్టుకుని పోవాల్సొచ్చేది. ఎంత వెలుగంటే, ఊళ్ళో కోళ్ళు తెల్లారిందనుకుని రోజుకు ఏడుసార్లు కూసి గొంతులు పోగొట్టుకున్నాయి.

ఆ మేడకు మొదటి తట్ట మట్టి మోసింది సుయిన్. పిడికెడంత మనిషి, ఏనుగంత తట్ట. ఆమె మొగుడు దాహె పైకప్పు మీద పెంకులు పరిచేవాడు. ఆఖరి పెంకు పెట్టిన పూటే కాలు జారి పడ్డాడు. మళ్ళీ లేవలేదు.

సుయిన్ సావిట్లో కూలబడి నోరు తెరిచిందో లేదో, దొర మనుషులొచ్చారు. కొత్త ఇంట్లో కన్నీళ్ళు అశుభం, ఇక్కడ ఏడవకు అన్నారు. పెరట్లోకి వెళ్ళింది. విందుకు వంటలవుతున్నాయి, ఇక్కడ ఏడవకు అన్నారు. గోడ బయటికి వెళ్ళింది. చుట్టాలొచ్చే దారి, ఇక్కడా ఏడవకు అన్నారు. ఏడుపు లోపలే ఉడికి ఉడికి కోపమైంది. ఆ కోపం సెగకి ఆమె చేతిలో తడి మట్టి కాలి ఇటుకైపోయింది.

ఆ దేశంలో ఒక ఆచారం ఉంది. మొదటి తట్ట మోసిన మనిషి దూలం కింద నిలబడి దీవిస్తేనే యజమాని గడప దాటాలి. ఇంకెవరూ పనికిరారు. దొర పట్టుబట్టలు కట్టుకుని గడప బయట నిలుచున్నాడు. వెనకాల ముసలి తల్లి, ఆ వెనక మూడు వేలమంది చుట్టాలు.

సుయిన్ దూలం కింద చతికిలబడింది.

“ఎంత ఎత్తు దొరా. ఎంత వెలుగు. మరి ఏడవడానికి చోటేదీ?”

దొర పట్టుచీర ఇస్తానన్నాడు. కాళ్ళు విరగ్గొడతానన్నాడు. చివరికి బతిమాలాడు. మూడింటికీ ఒకటే జవాబు.

“ఏడవడానికి చోటేదీ?”

వాన పట్టుకుంది. మూడు రోజులు కురిసింది. పట్టుబట్టల రంగు కారి దొర చిలకపచ్చగా అయిపోయాడు. మూడో రోజు ముసలి తల్లి కొడుకును పక్కకు తోసి గడప దాటబోయింది. అశుభమమ్మా అంటూ దొర అడ్డంపడ్డాడు.

“నోర్ముయ్. మీ నాన్న పోయిన రోజున, నీకు కొత్తగా పదవొచ్చిందని నన్నూ ఏడవనివ్వలేదు నువ్వు.”

వెళ్ళి సుయిన్ పక్కన కూచుంది. “ఏడు తల్లీ. నేనూ ఏడుస్తాను.”

ఇద్దరూ ఏడ్చారు. సావిట్లో మోకాలి లోతు నీళ్ళు నిలిచి, ఎక్కణ్ణుంచో కప్పలు కూడా వచ్చి చేరాయి.

అప్పుడు లేచింది సుయిన్. ముఖం తుడుచుకుని, దొర కళ్ళలోకి చూస్తూ దీవించింది.

“ఎంత ఎత్తు. ఎంత వెలుగు. ఇక్కడ పాడండి, ఇక్కడ ఏడవండి, ఇక్కడ అందరూ కూడండి.”

విందులో మెతుకు ముట్టలేదు. కోపం తగ్గనూ లేదు. నూట ముప్పై ఏళ్ళు బతికి, ఆ కోపంతోనే పోయింది.

ఇప్పటికీ ఆ దేశంలో అందమైన మేడ కనిపిస్తే పెద్దమనుషులు ఎంత ఎత్తు, ఎంత వెలుగు అని, అక్కడితో ఆపేస్తారు. మిగతాది వాళ్ళకు గిట్టదు. తట్టలు మోసేవాళ్ళు మాత్రం ఏడవడానికి చోటుందా అని అడుగుతారు. జవాబు వచ్చేదాకా తట్ట దించరు.

సరే, ఇక లే. మన వీధి చివర మేడ లేస్తోందిగా, ఈ మజ్జిగ చెంబు పట్టుకెళ్ళి అక్కడ ఇసుక మోసే ఆవిడకివ్వు. ఆవిడ పేరు కనుక్కోకుండా తిరిగి రాకు.