ఎర్రచక్రం గెలిచిన రోజు

గుట్టకు అవతల ఏం జరుగుతుందో ఇవతల ఉన్నవాళ్ళకు కనపడదు. నక్కకు అదే కావాలి.

ఆ గుట్ట చుట్టూ ఒక బండిబాట ఉంది. ఏటా ఎండాకాలంలో దాని మీద అడవి జంతువుల బళ్ళ పందెం. అది ఉరుకుల పందెం కాదు, ఓర్పు పందెం. పొద్దు పొడిచింది మొదలు బళ్ళు గుట్ట చుట్టూ తిరుగుతూనే ఉండాలి. పొద్దుగూకే వేళకు ఏది ముందుంటే దానిది గెలుపు. ఎలుగుబంటి కొట్టంలో చేసిన బండికి ఎర్ర చక్రాలు, ముళ్ళపంది కొట్టంలో చేసిన దానికి నీలి చక్రాలు. బండికొక దున్న, తోలడానికొక కోతి. పందెం నడిపించేది నక్క.

బోడెమ్మ అనే గేదె ఊహ తెలిసినప్పటి నుంచీ ఎర్రచక్రం పక్షమే. ఈ ఏడు మరీను. ఎర్రబండి కాడి కింద ఉన్నది ఆమె కొడుకు చుక్కన్న. నుదుటి మీద పాలబొట్టులాంటి తెల్లచుక్క ఉందని ఆ పేరు పెట్టుకుంది. పైగా నక్క ఈసారి దండోరా వేయించింది: "గెలిచిన దున్నకు కాడి మాఫీ! బతికినన్నాళ్ళూ ఏటి ఒడ్డున మేత, మడుగులో పొర్లాట!"

ఆ మాట విన్న రోజు నుంచి బోడెమ్మకు నెమరు కూడా సరిగ్గా పడలేదు.

పందెం నాడు అందరూ తాటిచెట్ల మలుపు దగ్గర చేరారు. మేకపోతు నీలిచక్రం వాడు. గడ్డం ఊపుతూ వచ్చాడు.

"ఏం బోడెమ్మత్తా, మీ ఎలుగు బండి ఇరుసు అప్పుడే కిర్రుమంటోందే?"

"కిర్రుమంటేనే బండిరా గడ్డమోడా. చప్పుడు లేకుండా పోయేది పాడె."

"చూద్దాం, చూద్దాం. ఎండ ముదిరితే ఎర్రచక్రం ఆకుకర్రలు వదులవుతాయి. ముళ్ళపంది కర్రను ఏడాది నానబెట్టి చేస్తాడు, తెలుసా?"

"నువ్వు చూశావా నానబెట్టడం?"

"చూడాలేంటి? అందరూ అంటున్నారు!"

"ముందున్నదే మంచి బండి," అన్నాడు గాడిద.

"నీ సంగతి తెలిసిందేలే. ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమనే రకం," అని ఇద్దరూ ఒక్కటై వాణ్ణి కసిరారు.

ఆ మలుపులో ఒక తాటిదోనె ఉంది. తెల్లవారకముందే రెండు పక్షాలవాళ్ళూ కలిసి కాలవ నీళ్ళు మోసి దాన్ని నింపుతారు. దున్నకు ఎండ పడదు కదా! ఏ బండి వచ్చినా కాసేపు ఆగి, మూతి ముంచుకుని, వీపు తడుపుకుని పోవాలి. చక్రాల దగ్గర ఎంత తగువైనా పడవచ్చు గానీ నీళ్ళ దగ్గర పక్షాలు లేవు. పెద్దలు పెట్టిన కట్టుబాటు అది.

మధ్యాహ్నానికి ఎర్రబండి ఎంతో ముందుకు పోయింది. చుక్కన్న వచ్చినప్పుడల్లా తల్లి ముందు తలెత్తి, ఒక్క అరుపు అరిచి పోయేవాడు. బోడెమ్మ పొంగిపోయింది. కానీ పోటీ చప్పబడింది. కుందేళ్ళు లేచి ఇంటిదారి పట్టాయి. జనం పలచబడితే పందెం ఏముంది, నక్క పెద్దరికం ఏముంది? నక్క మెల్లగా గుట్ట వెనక్కు నడిచింది.

కాసేపటికి కాకి ఎగురుకుంటూ వచ్చి తాటిమట్ట మీద వాలింది. "గుట్ట వెనక దున్నల్ని కాడి నుంచి విప్పి..."

"చక్రం ఊడిందా?" అంది బోడెమ్మ.

"చక్రం కాదు, దున్నల్ని..."

"ఇరుసు విరిగిందా?" అన్నాడు మేకపోతు.

"లేదు. నే చెప్పేది..."

"చక్రమూ ఊడక, ఇరుసూ విరగక, మధ్యలో నీ కావుకావు ఏమిటే? పో!" అని బోడెమ్మే తోక విసిరింది. కాకి పైమట్ట మీదికి ఎగిరి కూర్చుంది.

ఆ తరవాత ఎంత చిత్రమో, నీలిబండి పుంజుకుంది. ఎర్రబండి కుంటసాగింది. వెళ్ళిన కుందేళ్ళు పరుగున తిరిగొచ్చాయి.

"చెప్పానా! నానబెట్టిన కర్ర!" అని మేకపోతు గంతులేశాడు.

"ముందున్నదే..." అని గాడిద నీలివైపు జరిగాడు.

పొద్దు వాలింది. ఆఖరి చుట్టు. ఎర్రబండి ముందొచ్చింది. దాని దున్న ఒళ్ళంతా దుమ్ము.

"నాయనా చుక్కన్నా, ఇంకొక్క చుట్టేరా!" అని బోడెమ్మ గొంతు చించుకుంది. దున్న తల తిప్పలేదు. నీళ్ళు తాగి ఈడ్చుకుంటూ పోయింది. అలిసిపోయాడు పాపం అనుకుంది బోడెమ్మ.

వెనకే నీలిబండి. ఇది దాటిపోతే కొడుక్కి కాడి తప్పదు. నీలిచక్రాలు మలుపు తిరగడం కనిపించింది. ఆ దున్న తలెత్తి ఒక్క అరుపు అరిచింది. బోడెమ్మ వినలేదు. కొమ్ముల్లేని తలతో తాటిదోనెను ఒక్క తోపు తోసింది.

"అత్తా! నీళ్ళ దగ్గరా!" అన్నాడు మేకపోతు.

నీళ్ళు మట్టిలో ఇంకిపోయాయి. దున్న ఆ తడిమట్టిని వాసన చూసింది. బండి మీది కోతి ములుగర్రతో పొడిచింది. నాలుగడుగులు వేసి దున్న మోకాళ్ళ మీద కూలింది. బండి రాయికి కొట్టుకుని చక్రం పగిలింది.

"ఎర్రచక్రం! ఎర్రచక్రం!" అని కేకలు. బోడెమ్మ గంతులేస్తూ, ఆ పగిలిన నీలిచక్రాన్ని చూసి నవ్వుదామని దగ్గరికి పోయింది. పెచ్చులూడిన చోట నీలిరంగు కింద ఎర్రరంగు ఉంది.

ఆమెకు నవ్వు ఆగింది. అప్పుడు మొదటిసారిగా కాడి కిందికి చూసింది. దున్న నుదుటి మీద దుమ్ము మందంగా అట్టకట్టి ఉంది. నాలుకతో నాకింది. ఇంకోసారి నాకింది. తెల్లచుక్క బయటపడింది.

"అరిచాను కదమ్మా," అన్నాడు చుక్కన్న. "నువ్వు చక్రాల వైపు చూస్తున్నావు."

నీళ్ళకోసం బోడెమ్మ దోనె దగ్గరికి పరిగెత్తింది. బోర్లాపడిన దోనెలో ఏముంటుంది? తడిమట్టిని నోట కరుచుకొచ్చి కొడుకు పెదవులకు రాసింది. ఆ పెదవులు కదల్లేదు.

కాకి కిందికి దిగింది. "కాకిపిల్ల కాకికి ముద్దంటారు. నీకు చక్రం ముద్దయింది కదా తల్లీ," అని, అన్నందుకు తానే బాధపడి పక్కన కూర్చుంది.

నక్క వచ్చింది. బోడెమ్మ తలెత్తింది. "రెండు చక్రాలూ నీవే, రంగులే వేరు. దున్నల్నీ నువ్వే మార్చావు."

"మార్చాను. నీళ్ళు పారబొయ్యమని నేను చెప్పానా?" అంది నక్క. "నా మాట మాత్రం నిలబడింది చూడు. నీ కొడుక్కి ఇక కాడి లేదు."

ఆ వెనక మేకపోతు, గాడిద పగిలిన చక్రం చుట్టూ తిరుగుతున్నారు.

"రాయి అడ్డం రాకపోతే నీలిదే గెలుపు. కర్ర చూడు, ఎంత గట్టిదో!"

"గెలిచిందే గట్టి కర్ర."

"వచ్చే ఏడు చూద్దువు గాని."

చక్రాల రంగు కోసం తన్నుకునేవాళ్ళకు కాడి కింద నలిగే మెడ ఎవరిదో తెలిసేసరికి దోనెలో నీళ్ళుండవు.